జామీను లేని సెలవు

మొన్న ఆదివారం మా ఇంటికి దివ్య అనే అమ్మాయి భోజనానికి వచ్చింది. జగిత్యాల పిల్ల. మస్కట్‌లో కొన్నేళ్లు నర్సుగా చేసి డబ్లిన్‌లో మా ఆసుపత్రిలోనే ఉద్యోగానికి వచ్చింది, చేరి ఇంకా నెల తిరగలేదు. ఊరి శివార్లలో మా ఆడమ్స్‌టౌన్‌లో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి, ముందు పక్కవాళ్ల తలుపు తట్టి, వాళ్లు చూపిస్తే మా గుమ్మంలోకి వచ్చి "నమస్తే ఆంటీ" అంది. ఆ పిలుపు నాకు కాస్త చురుక్కుమంది. ఆ వయసులో నేనూ కనిపించిన ప్రతి మనిషినీ ఆంటీ అన్నదాన్నే గనక నోరు మూసుకుని లోపలికి రమ్మన్నాను. చేపల పులుసు మారు వడ్డించుకుని, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి బెరుకు పోయినట్టుంది, మెల్లిగా అడిగింది.

"ఆంటీ, ఈడ లీవ్ పోవాలంటే జామీన్ ఎవరియ్యాలె? మా వార్డుల నాకు అంత ఎరుకైనోళ్లు ఎవ్వరు లేరు."

నేను నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాను. కళ్ల వెంట నీళ్లు కారాయి. మేడ మీద నుంచి మావాడు "మమ్, ఆర్ యూ ఓకే?" అని కేకేశాడు. దివ్య మొహం చిన్నబోయింది. "నిన్ను చూసి కాదమ్మా, నన్ను చూసుకుని నవ్వుతున్నాను" అని సర్దిచెప్పి, ఇక్కడ సెలవుకి ఎవరి జామీనూ అక్కర్లేదనీ, తేదీలు చెప్పి అడిగితే చాలనీ వివరించాను. ఆ పిల్ల నమ్మలేదు. అప్పట్లో నేనూ నమ్మలేదు. ఆమె వెళ్లాక గిన్నెలు కడుగుతున్నానన్న మాటే గాని మనసంతా ఐర్లండు ఉత్తరపు కొసన నేను మొదట ఉద్యోగంలో చేరిన లెటర్‌కెన్నీలోనే ఉంది. కరోనా కాలం. ఊళ్లకు ఊళ్లు తలుపులు వేసుకుని కూర్చున్న కాలం. లోకమంతా బిక్కుబిక్కుమంటున్న ఆ రోజుల్లో నేను మాత్రం నా జీవితంలో ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాను. అలా చెప్పుకోవడానికి సిగ్గుపడాలేమో, నాకైతే సిగ్గుగా లేదు.

ఆ హుషారు ఎక్కడిదో తెలియాలంటే ముందు సలోమి అక్క గురించి చెప్పాలి. కువైట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇద్దరం నర్సులం, హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. నాది పాలకొల్లు, ఆవిడది రాజోలు. మధ్యలో గోదావరి పాయ ఒకటే అడ్డం, అందుకని ఆ ఎడారిలో చుట్టాలమైపోయాం. నేను వెళ్లేనాటికే ఆవిడ ఆ గదిలో పాతకాపు. లేవగానే మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీదే యూనిఫాం ఇస్త్రీ చేసుకునేది. ఆ వేడి బట్ట వాసన, ఏసీలోంచి వచ్చే దుమ్ము వాసన, కిటికీ గట్టు మీద డబ్బాలో దాచిన ఎండు నెత్తళ్ల వాసన, మూడూ కలిస్తే అదే మా గది. నెత్తళ్ల మీద ఎదుటి గదివాళ్లు వార్డెన్‌కి ఫిర్యాదు చేసేవారు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు మాత్రం కూర ఉడికే వేళకి గిన్నె పట్టుకుని హాజరయ్యేవారు. కరివేపాకు తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఎవరికీ కనబడని మూల పెట్టేది అక్క. భోజనం అయ్యాక నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకునేది, నాకూ అరచేతిలో పోసేది. భయం వేసినా, ఏడుపొచ్చినా నోటితో చెప్పేది కాదు, సన్నగా కూనిరాగం తీసేది. ఆ రాగం వినబడిందంటే ఏదో అయిందని నాకు అర్థమైపోయేది.

ఆవిడకి భర్త లేడు. కూతురు ప్రియ రాజోలులో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. మా జీతాలకి పిల్లల్ని కువైట్ తెచ్చుకునే వీసా దొరకదు. కాబట్టి అక్క తన కూతుర్ని చాలావరకు ఫోన్లోనే పెంచింది. దానికి జడ ఎలా వేసుకోవాలో, నెలసరి వచ్చినప్పుడు ఏం చేయాలో, లెక్కల మాస్టారు కొడితే ఏమని అడగాలో, అన్నీ ఫోన్లోనే. ఒక్కోసారి కూతురు ఫోన్ పెట్టేశాక కూడా అక్క ఆ ఫోన్‌ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చునేది. చూడలేక నేను వంటగదిలోకి వెళ్లిపోయేదాన్ని.

ఇక శుక్రవారాలు. అక్కడ వారానికి సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. ఒక ఇంటి కింది అంతస్తులో హాలు అద్దెకి తీసుకుని, తెలుగువాళ్లమంతా కూడేవాళ్లం. నర్సులు, ఇళ్లలో పనిచేసే అక్కలు, డ్రైవర్లు, అందరూ. సలోమి అక్క ప్రార్థన మొదలుపెడితే వంటలు చల్లారిపోయేవి. మేట్రన్ మోకాళ్ల నొప్పి దగ్గర్నుంచి, మా పాస్‌పోర్టులు బీరువాలో పెట్టుకున్న ఆఫీసు గుమస్తా పెద్దకొడుకు చదువు దాకా, పేరు పేరునా దేవుడికి అప్పగించేది. "ఆ గుమస్తా కోసం కూడా దేనికక్కా?" అని నేను విసుక్కుంటే, "ఆడి మనసు మెత్తబడితేనే కదే మన బీరువా తెరుచుకునేది" అనేది.

నేను వెళ్లిన కొత్తలో కాంట్రాక్టు ముగుస్తోందంటే వాళ్లే పిలిచి పొడిగించేవారు. తర్వాత గాలి మారింది. ముందు తమ దేశపు పిల్లలకే ఉద్యోగాలివ్వాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు, కాదనడానికి మనమెవరం. కానీ దాని బరువంతా వచ్చి మా కాంట్రాక్టుల మీద పడింది. రెండేళ్లది ఏడాదయింది, ఏడాదిది ఆరు నెలలయింది. పదేళ్లుగా పనిచేస్తున్న మలయాళీ సిస్టర్ ఒకావిడ పొద్దున డ్యూటీకి వచ్చి సాయంత్రానికి పెట్టె సర్దుకుంది. సరిగ్గా అదే కాలంలో ఐర్లండు నుంచి ఏజెన్సీల ఫోన్లు మొదలయ్యాయి. ఇక్కడ మమ్మల్ని ఎప్పుడు పంపేద్దామా అని చూస్తున్నారు, అక్కడ ఎప్పుడొస్తారని అడుగుతున్నారు. ఆ ఫోన్ వచ్చిన రోజు నేను గదిలో గంతులేశాను. అక్క "మంచం ఇరుగుద్దే" అని కసిరి, తనూ నవ్వింది. ఇద్దరం డ్యూటీలయ్యాక కూర్చుని ఇంగ్లీషు పరీక్షకి చదివాం. ఇద్దరం పాసయ్యాం. ఇద్దరికీ లెటర్‌కెన్నీలోనే ఉద్యోగాలు వచ్చాయి. అక్కడైతే ఉద్యోగం కుదురుకున్నాక కూతుర్ని తెచ్చుకోవచ్చని, అయితే దానికి పద్దెనిమిది నిండకముందే తెచ్చుకోవాలని తెలిసిన రోజున అక్క అన్నం తినలేదు. సంతోషానికి కూడా ఆకలి చచ్చిపోతుందని అప్పుడే చూశాను.

అంతలో కరోనా వచ్చిపడింది. నిన్నటిదాకా మీ అవసరం లేదన్నవాళ్లు ఇక కదలడానికి వీల్లేదన్నారు. రాజీనామాలు తీసుకోవడం ఆపేశారు. నా కాంట్రాక్టు అప్పటికే ముగిసిపోయి ఉండటంతో నేను ఎలాగో గట్టెక్కాను. అక్కది అంతకుముందే కొత్తగా పొడిగించారు, అందుకని చిక్కుకుపోయింది. ఐర్లండు వాళ్లు ఇచ్చిన గడువు లోపల రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోతుంది. కూతురి వయసు ఎవరికోసమూ ఆగదు.

బయటపడటానికి ఒక దారి ఉంది, అది హాస్టల్లో అందరికీ తెలుసు. అత్యవసరమని చెప్పి సెలవు మీద ఇండియా వెళ్లి, మళ్లీ మొహం చూపించకపోవడమే. అయితే మా ఆసుపత్రిలో సెలవు కావాలంటే తోటి ఉద్యోగులు ఇద్దరు జామీను ఉండాలి, ఈవిడ తిరిగి వస్తుందని సంతకం చేయాలి. రాకపోతే ఆ ఇద్దరి పాస్‌పోర్టులు బీరువాలోనే ఉండిపోతాయి, వాళ్ల సెలవులు రద్దవుతాయి. అయినా చాలామంది అలాగే వెళ్లిపోయారు. ఆ వెళ్లినవాళ్లని తిట్టుకుంటూనే మిగిలినవాళ్లు ఇంకొకరికి సంతకం పెట్టేవారు. తమ వంతు వచ్చినప్పుడు ఎవరో ఒకరు పెట్టాలి కదా. నేను బయల్దేరే ముందు రోజు అక్కతో ఆ మాటే ఎత్తాను.

"అందరూ చేసేదే కదక్కా. నువ్వు మాత్రం ఎందుకు మడి కట్టుకుని కూర్చుంటావు?"

"అందరూ చేత్తే చెయ్యనీ. నాకు సంతకం ఎట్టేది ఎవరనుకున్నావు? మెర్సీ, ఆ కేరళ సూసనూ. నేను ఎగ్గొడితే ఆళ్లు ఇక్కడే ఉండిపోతారు. మెర్సీ పాలు మానని బిడ్డనొదిలేసి వచ్చింది. దాన్ని తాకట్టెట్టి నేను నా కూతుర్ని చూసుకోనా?"

"మరి ప్రియ సంగతేంటి? దానికి వయసు దాటిపోతే?"

అక్క నా పెట్టెలో సోంపు పొట్లం సర్దుతూ కూనిరాగం అందుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మంచితనానికి కూడా ఒక వేళాపాళా ఉండాలని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ నా వాదన పూర్తిగా తప్పని ఒప్పుకోను.

లెటర్‌కెన్నీలో దిగాక మొదటి రెండు వారాలు గదిలోంచి కదలనివ్వలేదు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా తడిసిన కొండ, దాని మీద గొర్రెలు, అడ్డంగా కొట్టే వాన. ఇసుక తప్ప ఏమీ చూడని నా కళ్లకి ఆ పచ్చదనం ఎంత చూసినా తనివి తీరలేదు. బయటికి వదిలాక ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. దుకాణాలు మూసున్నాయి, వీధులు ఖాళీ, మనుషులు రోడ్డుకి ఆ పక్కనుంచే చెయ్యి ఊపి "హౌ ఆర్ యూ" అనేసి జవాబు వినకుండా సాగిపోయేవారు. పొగగొట్టాల్లోంచి, ఇక్కడ కట్టెలకి బదులు కాల్చే పీట్ మట్టి వాసన, తడిసిన ఉన్ని కోట్ల వాసన, వార్డు తలుపు దగ్గర చేతులకి రుద్దుకునే మందు వాసన, అన్నీ నాకు పండగలాగే ఉండేవి. ఇల్లు వదిలి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజుల్లో, రోడ్డు మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, నన్ను ఆపారు. కువైట్ అలవాటు కొద్దీ బ్యాగంతా వెతికి ఆసుపత్రి కార్డు చూపించాను. ఆ గార్డు కార్డు వైపు సరిగా చూడను కూడా చూడకుండా "మీరు వచ్చారు, అదే చాలు, జాగ్రత్తగా వెళ్లండి" అన్నాడు. ఇంటికెళ్లి ఆ మాట అక్కకి ఫోన్లో చెప్తే, "పోలీసోడా? నిజంగా పోలీసోడేనా?" అని అడిగింది.

నాకు దొరికిన ఫ్లాటులో రెండు మంచాలు. ఒకటి అక్కదని చెప్పి అద్దెకి తీసుకున్నాను. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమర హాట్ ప్రెస్. ఇంటివాళ్లు అందులో తువ్వాళ్లు పెట్టుకోమని చెప్పారు, నేను దోసెల పిండి పెట్టుకున్నాను. కువైట్‌లో పిండి రుబ్బి అటు తిరిగి ఇటు తిరిగేలోపు పొంగిపోయేది. ఇక్కడ ఆ ట్యాంకు పక్కన పెట్టి, పాత స్వెట్టర్ కప్పి, తెల్లారి లేచి బిడ్డ జ్వరం చూసినట్టు చూసుకోవాలి. మొదటిసారి పొంగిన రోజు వీడియో తీసి హాస్టల్ గ్రూపులో పెట్టాను. శుక్రవారం ఆరాధన కూడా మానలేదు. ఇక్కడ సెలవు ఆదివారమే అయినా మావాళ్లంతా అక్కడ శుక్రవారమే కూడతారు, అదీ ఇప్పుడు ఫోన్లలో. డ్యూటీ ఉంటే మధ్యాహ్నం విరామంలో క్యాంటీన్ మూల కూర్చుని చెవిలో పెట్టుకుని వినేదాన్ని. అక్క ప్రార్థనలో ఇప్పుడు లెటర్‌కెన్నీ వాన కూడా చేరింది. చివర్లో మాత్రం గడువు గురించి ఒక్కమాట అనేది, "నీ చిత్తం ప్రభువా" అని. ఆ తర్వాత వచ్చే కూనిరాగం నేనొక్కదాన్నే గుర్తుపట్టేదాన్ని.

ఆరు వారాల శిక్షణ అయి, నర్సుగా నమోదై, నాలుగు నెలలు గడిచాక ఒకరోజు మా వార్డు మేనేజరు నన్ను పిలిచింది. పేరు బ్రీజ్. యాభై దాటిన మనిషి, నడుస్తుంటే బూట్లు టకటకలాడేవి. "కరుణా, నీకు సెలవులు పోగుపడ్డాయి. ఒక వారం తీసుకో" అంది. కువైట్‌లో అడక్కుండా సెలవు ఇచ్చారంటే ఇక పెట్టె సర్దుకోమని అర్థం. కానీ ఆవిడ కళ్లు నవ్వుతున్నాయి. సరే, నిజంగానే సెలవు ఇస్తున్నట్టుంది, అయితే జామీను చూసుకోవాలి కదా అనుకుని, ఆలస్యం చేయకుండా టీ గదిలోకి వెళ్లి మౌరా అనే పెద్ద నర్సుని అడిగాను, నాకు గ్యారంటీ ఉంటావా అని.

"ఉంటాను, దానికేముంది. ఇల్లు కొంటున్నావా?" అంది మౌరా.

"లేదు, సెలవుకి."

"ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఎక్కడికీ కాదు. అన్నీ మూసేశారు కదా. ఇంట్లోనే."

మౌరా కప్పు కింద పెట్టింది. ఇంట్లో కూర్చోవడానికి గ్యారంటీ ఏమిటో ఆవిడకి అంతుపట్టలేదు. నాకేమో ఆవిడకి ఎందుకు అంతుపట్టడం లేదో అంతుపట్టలేదు. ఇద్దరు కావాలి, ఇంకొకరిని కూడా చూసిపెట్టమని అడిగాను. గంట తిరక్కుండా వార్డంతా పాకిపోయింది. తుడిచే ఆమె వచ్చి తనూ ఉంటానంది, మందులు పంచే కుర్రాడు వచ్చి తన సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు. కువైట్‌లో జామీను కోసం గడ్డాలు పట్టుకునేవాళ్లం, ఇక్కడ జనం వరస కట్టారు. నేను ఉబ్బితబ్బిబ్బైపోయాను. సాయంత్రం బ్రీజ్ మళ్లీ పిలిచి, తలుపు వేసి, ఇదేమిటని అడిగింది.

నేను చెప్పాను. పాస్‌పోర్టుల బీరువా, సంతకాలు, వెళ్లిపోయినవాళ్లు, చిక్కుకుపోయినవాళ్లు, అన్నీ. ఆవిడ మాస్కు మీద కళ్లు చిన్నవయ్యాయి.

"అంటే నువ్వు తిరిగి రాకపోతే నన్ను లెటర్‌కెన్నీలో ఆపేస్తారన్నమాట. నేను పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఆగిపోయి ఉన్నానమ్మాయ్" అంది.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చేశాను, ఎందుకంటే ఆ జామీను మాట వెనకాలే సలోమి అక్క కళ్ల ముందుకొచ్చేసింది. అక్క సంగతి కూడా చెప్పేశాను. మీరు ఇచ్చిన ఉద్యోగమే, మీ గడువే దగ్గర పడుతోంది, ఆవిడ దొంగతనంగా రానంటోంది, తిన్నగా వదిలిపెట్టేదాకా ఆగుతానంటోంది అని. బ్రీజ్ "తన కోసం ఇద్దరిని ఇరికించి రానందా?" అని మళ్లీ అడిగింది. అవునన్నాను. "అటువంటి మనిషి నా వార్డుకి కావాలి" అని ఫోన్ తీసింది. ఉద్యోగాల ఆఫీసులో ఎవరితోనో మాట్లాడింది. సగం నాకు అర్థం కాలేదు, అక్కడి డొనెగల్ జిల్లా యాస అది, మాటలు మింగేస్తారు. కానీ గొంతు పెరగడం అర్థమైంది. రోజుల వ్యవధిలో ఆసుపత్రి నుంచి అక్కకి కబురు వెళ్లింది. గడువు తీసేశాం, ఎప్పుడొస్తే అప్పుడు చేరవచ్చని. నేను వార్డు కారిడార్‌లో ఎగిరిన ఎగురుకి ఒక ముసలాయన మంచంలోంచి "ఏదైనా గెలిచిందా?" అని మౌరాని అడిగాడట.

ఆ తర్వాతే నాకు తెలిసింది, బ్రీజ్ కూతురు కూడా నర్సేనని. ఇక్కడ చదువుకుని, ఇక్కడి ఇళ్ల అద్దెలు భరించలేక ఆస్ట్రేలియాలో పెర్త్ వెళ్లిపోయింది. సరిహద్దులు మూసేయడంతో తల్లి కూతుర్ని ఫోన్లోనే చూసుకుంటోంది. ఆ పిల్ల వదిలిన చోటులో నేనున్నాను, నేను వదిలిన చోటులో కువైట్‌లో ఇంకెవరో ఉన్నారు. ఎక్కడ మనిషి కరువైతే అక్కడ మర్యాద పెరుగుతుంది, ఎక్కడ మనిషి చవకైతే అక్కడ జామీను అడుగుతారు. ఇందులో ఐర్లండు వాళ్ల మంచితనం ఎంతో, వాళ్ల అవసరం ఎంతో నేను అప్పుడూ విడదీయలేకపోయాను, ఇప్పుడూ విడదీయలేను. ఇప్పుడు మా డబ్లిన్ ఆసుపత్రిలో సగం మంది అరబ్బు దేశాల మీదుగా వచ్చినవాళ్లే. వాళ్లలోనూ కొందరు ఆస్ట్రేలియా వైపు చూస్తున్నారు, అద్దెల మాట ఎత్తితే నిట్టూరుస్తున్నారు. మా రోజుల్లో వచ్చినంత సంబరంగా ఎవరూ రావడం లేదు. అన్నీ ముందే ఫోన్లో చూసుకుని వస్తారు, ఇక ఆశ్చర్యపోవడానికి ఏం మిగులుతుంది. మేము మాత్రం కళ్లకి గంతలు విప్పినట్టు వచ్చాం. దివ్య లాంటిది ఒకతె ఇంకా జామీను అడిగిందంటే నాకు నవ్వుతో పాటు ముచ్చట కూడా వేసింది.

అక్కడ అక్క పని అంత సులువుగా తేలలేదు. రాజీనామాలు మళ్లీ తీసుకోవడం మొదలయ్యాక మొదట ఇచ్చింది తనే. ఇచ్చి నోటీసు కాలమంతా పనిచేసింది, తన చోటులోకి వచ్చిన కువైటీ అమ్మాయికి దగ్గరుండి పని నేర్పింది. ఆ పిల్ల చివరిరోజు ఖర్జూరాల డబ్బా తెచ్చి ఇచ్చి ఏడ్చిందట. బీరువా తెరుచుకుంది, గుమస్తా తన చేత్తోనే పాస్‌పోర్టు ఇచ్చాడు. ఇక విమానం. టికెట్ తీసుకుంటే రద్దయింది. మళ్లీ తీసుకుంటే మళ్లీ రద్దయింది. నేను కొన్న కొత్త దుప్పటి మంచం మీద పరవడం, మడత పెట్టడం, మళ్లీ పరవడం. బ్రీజ్ కనిపించినప్పుడల్లా "మన మనిషి ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేది. చివరికి ఒక శుక్రవారం, ఆరాధన మధ్యలో, అక్క ఫోన్‌లోంచి విమానాశ్రయం మైకు వినబడింది. పాట పాడుతున్నవాళ్లంతా పాట ఆపేశారు. "విమానం ఎక్కుతున్నానే పిల్లా" అంది అక్క. కూనిరాగం లేదు.

డబ్లిన్‌లో దిగినవాళ్లని తిన్నగా హోటల్‌లో పెట్టి తాళం వేసేవారు అప్పట్లో. అది అయ్యేదాకా ఆగి, బ్రీజ్ తీసుకోమన్నా తీసుకోకుండా నేను దాచుకున్న సెలవు అప్పుడు అడిగాను. ఎవరి సంతకమూ లేదు, ఎవరి గడ్డమూ పట్టుకోలేదు. తేదీలు చెప్పాను, బ్రీజ్ "గ్రాండ్" అంది, అంటే సరేనని, అంతే. బస్సెక్కి డబ్లిన్ వెళ్లేదాకా నా కాళ్లు ఒకచోట నిలవలేదు. ఆ దారంతా మేఘాలు, పొలాలు, మూసిన పబ్బులు, ఒక్కటీ సరిగా చూడలేదు. హోటల్ గేటు బయట నిలబడి ఉంటే, తాడు కట్టిన అట్టపెట్టె ఒక చేత్తో, సూట్‌కేసు ఒక చేత్తో, చెవులదాకా మాస్కు పెట్టుకుని అక్క బయటికి వచ్చింది. చిక్కిపోయింది. ముట్టుకోవచ్చో లేదో ఇద్దరికీ తెలియలేదు. తర్వాత ఎవరు ముందు చేయి చాపారో గుర్తులేదు, ఆ గేటు దగ్గర ఇద్దరం భోరుమన్నాం.

"నా ఎనక ఎవరూ ఇరుక్కోలేదే. మెర్సీ కూడా వచ్చే నెల ఇంటికెల్తంది" అంది ముందుగా. తర్వాతే ప్రియ గురించి అడిగింది, ఎప్పుడు అర్జీ పెట్టుకోవాలని. ప్రియకి ఇంకా వయసు దాటలేదు. తర్వాత ఆ పిల్ల వచ్చింది, చదివింది, ఇప్పుడు అత్లోన్‌లో మందుల కంపెనీలో పనిచేస్తూ మా ఇంటికి వస్తే తల్లి మీద నాకే చాడీలు చెప్తుంది. కానీ ఆ రోజు బస్సులో అవేవీ మాకు తెలియవు. సీటు మార్చి సీటు కూర్చోమన్నారు కాబట్టి అక్క ముందు, నేను వెనక కూర్చుని, సందులోంచి మాట్లాడుకుంటూ వచ్చాం. పచ్చటి కొండ కనిపించిన ప్రతిసారీ నేనేదో అది నా సొంతమైనట్టు వేలు పెట్టి చూపించాను.

లెటర్‌కెన్నీ బస్టాండులో దిగేసరికి బ్రీజ్ నిలబడి ఉంది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆగిందట, కోటు మీద వాన చుక్కలు. నేను ఇద్దరినీ పరిచయం చేశాను. సలోమి అక్క కువైట్‌లో మేట్రన్ ముందు నిలబడ్డట్టు రెండు చేతులూ కట్టుకుని, నిటారుగా నిలబడి, దారంతా కూడబలుక్కున్న ఇంగ్లీషులో, తన చోటు ఇంతకాలం ఉంచినందుకు మేడమ్‌కి ఎంతో రుణపడి ఉంటానని చెప్పింది. బ్రీజ్ తల అడ్డంగా ఊపి, వాన జోరుకి మించి గబగబా ఏదో అనేసి, అక్క అట్టపెట్టె తాడు ఒకసారి పట్టుకుని చూసి, "రేపు కాదు, నిద్రపోయి ఎల్లుండి రా" అని కారు వైపు వెళ్లిపోయింది.

"ఏమందే ఆవిడ? యాస బొత్తిగా పట్టుబడలేదు" అంది అక్క.

"నువ్వు రుణపడటం ఏంటి అంటోందక్కా. నర్సుల్లేక ఆరు మంచాలు మూసేశారంట. నువ్వు లేకపోతే వాళ్లకి గడవదంట."

అక్క కదల్లేదు. వాన మొహం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"ఇన్నేళ్లు చేశాను కదే ఈ పని. ఆ మాట నాకెవరూ అన్లేదు" అంది. కొంచెం ఆగి, "మళ్లీ చెప్పు" అంది.

చెప్పాను. అట్టపెట్టె చెరో పక్కా పట్టుకుని ఫ్లాటు దారి పట్టాం. చర్చి మలుపు దగ్గర ఆగి మళ్లీ చెప్పించుకుంది. తాళం తీస్తుంటే మెట్ల మీద నిలబడి, ఇంకొక్కసారి చెప్పమంది.